నిలువు గీత

ఎడమకాలికి గుడ్డచెప్పు తొడుక్కుని, కుడికాలిది చేతిలో పట్టుకుని ఆయన గోడమీద లోపలి గది వేడి చూపించే అంకెకేసి చూస్తూ నిలబడ్డాడు. ఇరవై రెండు పాయింట్ సున్నా నాలుగు. అది సున్నా మూడుకు దిగితే గానీ లోపలి తలుపు తియ్యడు. అలా ఆగాలని ఏ నియమాల పుస్తకంలోనూ లేదు. ఆయన తనకు తాను పెట్టుకున్న నియమం అది.

తలుపు అవతల నాలుగు గడియారాలున్నాయి. పేరుకే గడియారాలు, చూడడానికి అరల్లో సర్దిన ఇనప్పెట్టెల్లా ఉంటాయి. వాటికి ముళ్ళు లేవు, చప్పుడూ లేదు. మనిషి లోపలికి వెళ్తే చాలు, ఒంటివేడికే వాటి నడక మారుతుంది. అందుకని నాలుగు నిమిషాలకు మించి లోపల ఉండకూడదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ నాలుగు నిమిషాలూ ఆయనవే. ఆఫీసులో ఆయన్ని ముల్లుగారు అంటారు. ఆ గడియారాలకు లేని ముల్లు ఈయనేనని మొదట్లో ఎవరో సరదాకి అన్నారు. తర్వాత ఆయన మాట తీరు చూసి, పేరు బాగానే కుదిరిందని అలాగే ఉంచేశారు.

అంకె దిగింది. లోపలికి వెళ్ళి, నాలుగు పెట్టెల అంకెలూ రాసుకుని, మూడు నిమిషాల నలభై సెకన్లకు బయటికొచ్చాడు. ఎడమ భుజం లాగుతోంది. పొద్దున రెంచి పట్టుకున్నందుకని సరిపెట్టుకున్నాడు.

ఆ రెంచి సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. వంటింట్లో కుళాయి నెల రోజులుగా కారుతోంది. ఆదివారం బాగుచేస్తానని ఆయన నాలుగు ఆదివారాలు అన్నాడు. నిన్న సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అది కారడం లేదు.

"మా మరిది పది నిమిషాల్లో బిగించేసి వెళ్ళాడండీ" అంది భార్య, సంబరంగా. "చెయ్యి కూడా కడుక్కోకుండా పైకెళ్ళిపోయాడు పాపం."

పాపం అన్న మాట దగ్గర ఆయనకు ఒళ్ళు మండింది. పొద్దున ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు కుళాయి విప్పాడు. లోపలి వాషరు తీసి, తుడిచి, మళ్ళీ అదే పెట్టి, తన చేత్తో బిగించాడు. బయల్దేరేటప్పటికి అది మళ్ళీ చుక్క చుక్కగా కారుతోంది. చూడనట్టే చెప్పులు వేసుకుని వచ్చేశాడు.

మరిది అంటే ఆవిడ చెల్లెలి మొగుడు. ఈయనకు తోడల్లుడు. అదే ఇంట్లో పై వాటాలో ఉంటాడు, అదే ఆఫీసులో పని చేస్తాడు. ఇరవై ఏళ్ళ కిందట ఉద్యోగం లేక తిరుగుతుంటే, దరఖాస్తు కాగితం తెచ్చి ఇచ్చింది ఈయనే. వానలో, బస్సులో నిలబడి, కాగితం తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. ఈయనది డిప్లొమా, అతనిది డిగ్రీ. ఆ ఒక్క తేడా మొదట్లో వేలెడంత ఉండేది. ఏటేటా అంగుళం చొప్పున పెరిగి ఇవాళ తోడల్లుడు కంట్రోల్ రూముకు ఇన్‌చార్జి అయ్యాడు. ఈయన గుడ్డచెప్పుల గది దాటలేదు.

అడిగితే ఈయన ఒప్పుకోడు గానీ, ఆ మనిషి ఇస్త్రీ చొక్కా అంటే కూడా ఈయనకు పడదు. మెట్లు దిగుతూ అతను ఈల వేస్తే పడదు. అతను తనను "అన్నయ్యా" అని నోరారా పిలుస్తాడే, అది అసలే పడదు. తిట్టిపోసే మనిషి మీద అసూయపడడం తేలిక. గౌరవంగా చూసే మనిషి మీద పడాలంటే రోజూ కష్టపడాలి. ఈయన ఏ రోజూ ఎగ్గొట్టకుండా ఆ కష్టం పడ్డాడు.

ఇవాళ మామూలు రోజు కాదని ఆఫీసంతా అనుకుంటోంది. ఇన్నాళ్ళూ పడవలకూ అంబులెన్సులకూ దారి చూపించే సంకేతాలు పరాయివాళ్ళ ఉపగ్రహాల నుంచే వచ్చేవి. అవి వాళ్ళ సైన్యం చేతిలోవి. ఎప్పుడు మూసేస్తారో ఎవరికీ తెలియదు. పదకొండేళ్ళు పాటుపడితే సొంతంగా ఏడు ఉపగ్రహాలు పైకి చేరాయి. సైన్యానికి సంబంధం లేకుండా, మామూలు జనం కోసం. ఇప్పటిదాకా అవి కూడా అరువు సమయం మీదే నడిచాయి. మధ్యాహ్నం మూడు గంటలకు వాటికి మొదటిసారి సొంత సమయం అందుతుంది. ఆ సమయం ఈ నాలుగు పెట్టెలది. అంటే, ముల్లుగారి లెక్కలో, తనది.

కానీ ఆ ముక్క ఎవరూ అనలేదు. నోటీసు బోర్డు మీద తోడల్లుడి పేరుంది.

ఒంటిగంట దాటాక ఆయన అంకెల కాగితం పట్టుకుని కంట్రోల్ రూముకు వెళ్ళాడు. అందరూ భోజనాలకు వెళ్ళారు. పెద్ద బల్ల మీద మొదటి రోజు పట్టీ ఉంది. మామూలుగా యంత్రమే అన్నీ చూసుకుంటుంది గానీ, మొట్టమొదటి అంకెలు మాత్రం చేత్తో రాసి, చేత్తో ఎక్కించాలి. ఏడు ఉపగ్రహాలకు ఏడు వరసలు. ఉపగ్రహంలో ఉన్న గడియారానికీ నేల మీది గడియారానికీ ఎంత తేడా ఉందో ఒక్కో వరసలో రాయాలి. పట్టీని అందమైన దస్తూరీతో తోడల్లుడే నింపాడు.

ముల్లుగారు అలవాటుగా తన అంకెలతో సరిచూశాడు. మొదటిది సరే. రెండోది సరే. మూడో వరసలో ఆయన వేలు ఆగింది.

మైనస్ పద్నాలుగు.

మళ్ళీ చూశాడు. పద్నాలుగు సరైనదే. మైనస్సే తప్పు.

ఆ ఆఫీసులో ఎవరైనా చెయ్యగల తప్పది, ఇంకెక్కడా ఎవరూ చెయ్యలేనిది. అరువు సమయం వాడినన్నాళ్ళూ వాళ్ళు "నేలలోంచి ఆకాశం" తీసేసేవారు. సొంత సమయానికి మారుతున్నాం కాబట్టి ఇక మీదట "ఆకాశంలోంచి నేల" తియ్యాలని పోయిన నెల ఉత్తర్వు వచ్చింది. ఆరు వరసల్లో తోడల్లుడు కొత్త పద్ధతిలోనే రాశాడు. ఒక్కదాంట్లో చెయ్యి పాత అలవాటున పోయింది.

వాళ్ళు కాలాన్ని అడుగుల్లో కొలుస్తారు. సెకనులో వందకోటో వంతు అంటే వెలుగు ఒక అడుగు నడిచే సేపు. ప్లస్ పద్నాలుగు ఉండాల్సిన చోట మైనస్ పద్నాలుగు ఉంటే ఆ ఉపగ్రహం ఇరవై ఎనిమిది అడుగులు అబద్ధం చెబుతుంది. రాళ్ళ మధ్య నుంచి రేవులోకి వచ్చే పడవకు అది చాలు.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళలో ఆ దస్తూరీలో దొరికిన మొదటి తప్పు. మూడు గంటలకు ఎక్కిస్తారు, నాలుగింటికల్లా గోల మొదలవుతుంది. డైరెక్టర్‌గారు ఏమంటారో, ఆ ఇస్త్రీ చొక్కా ఎలా నలుగుతుందో, ఇంటి దగ్గర భార్య "పాపం" అని ఎలా అంటుందో, ఒక్కొక్కటే నెమ్మదిగా ఊహించుకున్నాడు. ఈ పాపం వినడానికి హాయిగా ఉంటుంది.

తలుపు తెరుచుకుంది. తోడల్లుడు మంచినీళ్ళ సీసాతో వచ్చాడు.

"అన్నయ్యా, ఇక్కడున్నావా? తిన్నావా?"

"ఆకలి లేదు."

"మొహం అదోలా ఉందే. కూర్చో, కూర్చో. నీతో ఒక మాట." అతను సీసా మూత తీసి ముందు ఈయనకే అందించాడు. "మూడింటికి ఆ మీట నువ్వు నొక్కుతున్నావు. డైరెక్టర్‌గారిని అడిగాను, సరేనన్నారు."

"నేనెందుకు? బోర్డు మీద నీ పేరేగా."

"పేరుదేముంది అన్నయ్యా. గడియారాలు నీవి. నువ్వు లేకపోతే ఇందులో నేనున్నానా?"

"నేనేం చేశాను, కాగితం తెచ్చాను. అది పోస్టులో కూడా వచ్చేది."

తోడల్లుడు నవ్వాడు. "నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాబట్టాలంటే కూడా ఉత్తర్వు కావాలి. సరే, ఆయన కారు వచ్చే టైమైంది. వెళ్ళి తీసుకొస్తాను. ఎక్కడికీ పోకు."

అతను వెళ్ళాక ముల్లుగారు తలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు. నీళ్ళు తాగలేదు. మీట నొక్కమన్నాడు. అంటే మీట అతనిది, ఇవ్వడం అతని ఇష్టం, పుచ్చుకోవడం తన వంతు. ఇవ్వగలిగిన చోట నిలబడి ఇస్తున్నాడు. వంటింట్లో కుళాయి బిగించినట్టే, పది నిమిషాల్లో, చెయ్యి కూడా కడుక్కోకుండా.

పట్టీ మీద మూడో వరస అలాగే ఉంది. ఊరుకుంటే సరి.

కానీ ఊరుకుంటే ఏమవుతుందో ఆలోచిస్తూ పోయినకొద్దీ ఆయనకు నెమ్మది తగ్గింది. తప్పు బయటపడుతుంది. పదేళ్ళు పోయినా, ఇరవై పోయినా, ఈ మొదటి రోజు గురించి ఎవరు మాట్లాడినా ఆ మైనస్ గురించే చెప్పుకుంటారు. కొత్తగా చేరినవాళ్ళకు కథలా చెబుతారు. అందులో ఎవరి పేరుంటుంది? తోడల్లుడిదే. గడియారాలు ఎవరు చూశారో ఎవడికి కావాలి? ఆఖరికి తప్పు కూడా అతని పేరు మీదే మిగులుతుంది.

అది ఆయన భరించలేకపోయాడు.

జేబులోంచి సిరా పెన్ను తీశాడు. మూత విప్పి బల్ల మీద పెట్టాడు. మైనస్ నడుమ, పైనుంచి కిందికి, ఒకే ఒక్క నిలువు గీత గీశాడు. అంతే, అది ప్లస్ అయింది. తోడల్లుడి బాల్‌పెన్ను అడ్డగీత మీద ఈయన సిరా గీత కాస్త లావుగా, తడిగా మెరిసింది.

దిద్దిన చోట, దిద్దినవాడు పక్కనున్న గడిలో సంతకం పెట్టాలి. పెన్ను గడి మీద పెట్టబోయి ఆగాడు. ఖాళీ గదిలో సంతకం పెడితే ఏం లాభం? డైరెక్టర్‌గారు వస్తారు, వెనక నలుగురూ వస్తారు. అప్పుడు, "ఒక్క నిమిషం, ఇక్కడ ఒక పొరపాటుంది" అని నెమ్మదిగా లేచి, వేలు పెట్టి చూపించి, అందరూ చూస్తుండగా, పూర్తి పేరుతో పెడతాడు. ఆ గడి నిండేంత పెద్దగా. మొదటి పట్టీ మీద తన పేరు. మీట అతన్నే నొక్కుకోమంటాడు.

ఆ మాట ఎలా మొదలుపెట్టాలో రెండు మూడు రకాలుగా లోపల అనుకుని చూసుకున్నాడు. పెన్ను జేబులో పెట్టుకుని, బల్లకు దూరంగా గోడ పక్కనున్న కుర్చీలోకి మారాడు. భుజం బాగా లాగుతోంది. కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

రెండున్నరకు వాళ్ళు వచ్చారు. మాటలూ, బూట్ల చప్పుడూ. తోడల్లుడు ముందు నడిచి, "ఈయనేనండీ, మా అన్నయ్య. చెప్పానే" అన్నాడు. "అన్నయ్యా, లే. అన్నయ్యా."

తర్వాత జరిగిందంతా గొంతు తగ్గించి జరిగింది. ఆఫీసు డాక్టరు వచ్చాడు. చొక్కా గుండీలు విప్పబోతే జేబు నిండా నీలం మరక పాకి ఉంది. అంబులెన్సు వచ్చి, ప్రాణం లేని ఒంటిని తీసుకువెళ్ళింది. ఇంట్లో అక్కచెల్లెళ్ళిద్దరికీ కబురు చెప్పడానికి ఒకరు బయల్దేరారు. తోడల్లుడు కూడా వెళ్ళబోతే డైరెక్టర్‌గారు భుజం మీద చెయ్యి వేశారు.

"పదకొండు నిమిషాలుంది. నువ్వు తప్ప ఎవరూ ఎక్కించలేరు. ఎక్కించి వెళ్ళు."

అతను కూర్చుని, ఆఖరిసారి పట్టీ చూసుకున్నాడు. మూడో వరస దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. ముల్లుగారి అంకెల కాగితం పక్కన పెట్టుకుని లెక్క రెండుసార్లు వేశాడు. తర్వాత ఉన్నది ఉన్నట్టు, ప్లస్ పద్నాలుగు అని ఎక్కించి, మీట నొక్కాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఇక్కడ దిద్దుబాటుంది. సంతకం లేదేం?" అన్నారు డైరెక్టర్‌గారు, వంగి చూసి. "పెట్టెయ్."

"ఆ గీత నాది కాదండీ."

"మరెవరిది?"

తోడల్లుడి చూపు పట్టీ పక్కకు పోయింది. అక్కడ, ఖాళీ గడికి బెత్తెడు దూరంలో, ఏళ్ళ తరబడి పంటి కింద నలిగి కొస చప్పిడైపోయిన నల్లటి పెన్ను మూత ఒకటి, నోరు తెరుచుకుని పడి ఉంది.