మొగిలి గొంతులో ముల్లు

గోదావరిఖని క్వార్టర్‌కు కాపురానికి వచ్చాక నేను మొదట వండింది బొచ్చె చేప పులుసు. ఎనభైల మొదట్లో మాట. మా ఆయన మొగిలి బొగ్గు బాయి నుంచి వచ్చి, స్నానం చేసి కంచం ముందు కూర్చున్నాడు. రెండో ముద్దకే గొంతు పట్టుకున్నాడు.

"ముల్లు," అన్నాడు.

ఇక ఆ ముల్లు మాతోపాటే ఏళ్లపాటు కాపురం చేసింది. ఉత్త అన్నం ముద్దలు మింగించాం. పక్కింటి కరీమున్నీసా అక్క అరటిపండ్లు పంపింది. చేపను పట్టిన వలే దాని ముల్లునూ పట్టుకుపోతుందని మావాళ్ల నమ్మకం. అందుకని నది ఒడ్డున చేపలు పట్టే సదయ్య దగ్గరికి తీసుకుపోయాం. అతను తడి వలను మా ఆయన నెత్తిమీద వేసి, సీసపు గుండ్లు మెడకు తగిలేలా మెల్లగా లాగేవాడు. నీచు నీళ్లు కారుతుంటే ఈయన పెద్ద చేపలా నోరు తెరిచి కూర్చునేవాడు. నోరు తెరిస్తే మరీ నొప్పి. తల తిప్పితే చెవిదాకా పోటు.

మా అత్త పూలమ్మ అయితే ఏ వలకూ చిక్కని ముల్లు. ఎవరు పిలిచినా మెడ తిప్పదు, మనిషి మొత్తం తిరుగుతుంది. అది పొగరే అనుకునేది కాలనీ అంతా. ఇంటికి ఎవరొచ్చినా ఒకటే మాట:

"మా కోడలి చెయ్యి మంచిదే. అడుగు పెట్టంగనే నా కొడుకు గొంతుల ముల్లు నాటింది."

ఆ తర్వాత మా ఇంట్లో చేప వండలేదు. బజార్లో చేపలమ్మే మల్లక్క కూడా నన్ను చూసి, "ముండ్లు లేని చేప ఉన్నది వదినె, తీస్కపోతవా?" అని నవ్వేది. ఆ మాటలు మోస్తూనే ఇద్దరు పిల్లల్ని కన్నాను.

తొంభై ఒకటిలో దవాఖానకు చక్రపాణి అని కోస్తా నుంచి గొంతు డాక్టరు వచ్చాడు. అత్త కూడా వెంట వచ్చింది, ముల్లు బయటపడితే నాకే చూపించాలని. డాక్టరు మా ఆయన నోట్లో వేలు పెట్టి లోపల పక్కన నొక్కి చూశాడు.

"గదే సారూ! గక్కడనే!" అని ఈయన కుర్చీలోంచి లేచాడు.

"ఇన్నవా పిల్లా? ఉన్నది!" అంది అత్త.

ఎక్స్‌రే తీయించి, డాక్టరు దాన్ని కిటికీ వెలుగుకు పట్టాడు. నేను కట్టుకున్న మనిషి తల, మాంసం లేకుండా! దవడ కింద గుర్రపు నాడా లాంటి చిన్న ఎముక, దేనికీ ఆనకుండా, చీకట్లో వేలాడుతోంది.

"ఇది నాలుక కింది ఎముకమ్మా. ఒంట్లో ఇంకే ఎముకకీ తగలదు. దవడకీ, చెవి కింది ఎముకకీ తాళ్లు కట్టినట్టు వేలాడుతూ ఉంటుంది. మింగినా, మాట్లాడినా, దవడతో పాటు కదలాలి," అన్నాడు డాక్టరు. చెవి కింద నుంచి దిగిన తెల్లటి పుల్లను చూపించాడు. "ఈయనకి ఆ తాడే ఎముకగా గట్టిపడింది. కొంతమందికి అంతే. చేప ముల్లు కాదిది, సొంత ఎముక. ఇదిగో, రెండోవైపూ ఉంది."

బాయిలో బొగ్గు టబ్బులు లాగే తాడు దగ్గర మా ఆయన పని. ఆయనకు వెంటనే తెలిసిపోయింది. "అంటే తాడు పోయి ఇనుప కడ్డీ అయింది. మలుపు కాడ ఎట్ల వంగుతది మరి!"

నేను ఏడవలేదు. చూస్తూ నిలబడిపోయాను. అత్త అన్న మాటలూ, నేను మింగుకున్న మాటలూ, అన్నీ ఇంత చిన్న ఎముక మీంచే నడిచాయా! ఏ ఆధారమూ లేకుండా వేలాడుతూ ఇంత బరువు మోసిందా!

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? మెడ తిప్పితే నొప్పి?" అని అడిగాడు డాక్టరు.

మేమిద్దరం అత్త వైపు తిరిగాం.

"నాకెందుకుంటది బిడ్డా? నేను చేపలే తింటలేను గదా," అంది.

డాక్టరు వేలు తగలగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి కిటికీ దగ్గర కొడుకు ఎక్స్‌రే పక్కన తల్లిది. అవే తెల్లటి పుల్లలు, ఇంకా పొడుగ్గా. అత్త వాటి మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"గిది నాదే," అంది మెల్లగా. "నేనే ఇచ్చిన."

బయట బెంచీ మీద కూర్చున్నాక నా గదవ కింద, గొంతు మీద రెండు వేళ్లు పెట్టింది. "మింగు పిల్లా."

మింగాను. లోపల ఆ చిన్న ఎముక ఆమె వేళ్ల మధ్య పైకి లేచి, మళ్లీ దిగింది.

"నీది మంచిగ ఊగుతున్నది," అంది, వేళ్లు తీయకుండానే. తర్వాత మనిషి మొత్తం కొడుకు వైపు తిరిగింది.

"మొగిలీ, మల్లక్క కాడికి పో. బొచ్చె తే. ముండ్లున్నదే తే."