ఆరోగ్యం అని రాసిన పళ్ళెం

మూడో పళ్ళెం మూత ఎత్తి, పాత ద్రవాన్ని సన్నటి గొట్టంతో పీల్చేసి, గులాబీరంగు కొత్త మేతను అంచు వెంబడి చుక్కచుక్కగా వదిలింది మేతమ్మ. నడిమధ్యలో పోస్తే అడుగున అంటుకున్న కణాలు లేచిపోతాయి. అంచు మీదుగా జారాలి, పసిబిడ్డ నోట్లో పాలు వదిలినట్టు. పదకొండేళ్ళుగా రోజూ ఇదే పని. సెలవు రోజైనా ఇదే. కణాలకు ఆదివారం ఉండదు, ఆకలి ఉంటుంది. అందుకే ల్యాబులో అందరూ ఆమెను మేతమ్మ అన్నారు. మొదట్లో ఆమెకు ఒళ్ళు మండింది, "నేనేమన్నా గొడ్లు కాస్తున్నానా?" అని. పోనుపోను అదే పేరయిపోయింది.

మనిషి చూడ్డానికి ఏముంది? పొట్టి. యాభై మూడేళ్ళు. నీలం గౌను, తలకు టోపీ, ముక్కుకు గుడ్డ, బయటికి కనిపించేవి రెండు కళ్ళే. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు దిగగానే మరచిపోయే ముఖం. భర్త పోయాక ఒక్కగానొక్క కూతుర్ని ఈ పని చేస్తూనే పెంచి పెద్ద చేసింది. ఆ పిల్లే ఆమె లోకం.

నాలుగో పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. అది ఆమెదే. మూడేళ్ళ కిందట ఆమె చేతి నుంచి కందిగింజంత చర్మం తీసి, ఆ కణాలను వెనక్కి నడిపించి మూలకణాలుగా మార్చారు. ఏ అవయవంగానైనా ఎదగగల కణాలవి. వాటినే మళ్ళీ గుండె కణాలుగా పెంచారు. రోగుల గుండె కణాల పక్కన పెట్టి పోల్చడానికి ఒక జబ్బులేని మనిషి కావాలి కదా! "ఒక్కరోజు సెలవు పెట్టిన పాపాన పోలేదు, నీకంటే ఆరోగ్యవంతులు ఎవరు?" అంది ల్యాబు నడిపే డాక్టరమ్మ. ఆ పళ్ళెం మీద 'ఆరోగ్యం' అని చీటీ అంటించారు. తన గుండెకు తనే మేత వేసుకునే మనిషి లోకంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో మనకు తెలియదు. "తిను తల్లీ, తిను. సిగ్గెందుకు, నువ్వూ నేనూ ఒకటేగా," అని నవ్వుకునేది రోజూ.

ఇవాళ నవ్వలేదు. పళ్ళాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ఉల్లిపొర కంటే పలుచని పొర ఒకటి కొట్టుకుంటోంది. కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఆగింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. అప్పుడు వెనక ఎవరో తరుముతున్నట్టు గబగబా కొట్టుకుని, మళ్ళీ మామూలయింది. మేతమ్మ గ్లౌజు తీసి తన మణికట్టు పట్టుకుంది. పళ్ళెం మళ్ళీ ఆగింది. ఒక్క ఊపిరి తీసేంత సేపటికి వేలి కింద నాడి కూడా ఆగింది. గదిలో యంత్రాల హోరు తప్ప మరేమీ లేదు. తర్వాత రెండూ కదిలాయి. ముందు పళ్ళెం, దాని వెనక ఆమె.



"మళ్ళీనా?" అంది డాక్టరమ్మ, ఎప్పుడొచ్చిందో వెనక నిలబడి. "నాలుగోసారి ఇది. మేత ఆలస్యంగా వేసుంటావ్. లేకపోతే చల్లటిది పోసుంటావ్. పారెయ్, కొత్తది పెంచుదాం."

ఇంతకుముందు మూడు పళ్ళాలు అలాగే చెత్తబుట్టలోకి పోయాయి. మూడుసార్లూ మేతమ్మ తల వంచుకుని మాటలు పడింది. ఆరోగ్యం అని రాసిపెట్టినదానికి జబ్బెలా ఉంటుంది? అంతంత చదువులు చదివినవాళ్ళకు కూడా చీటీ కనిపించింది గాని మనిషి కనిపించలేదు.

"పారెయ్యను," అంది మేతమ్మ.

"ఏంటీ?"

"మేతలో తప్పు లేదమ్మా. పదకొండేళ్ళలో ఒక్క పూటన్నా ఆలస్యం చేశానా? తప్పు నాలోనే ఉంది. మా అమ్మ బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ కూలబడిపోయింది. మా అక్క బస్సులో నిద్రపోతోందనుకుని ఆఖరి స్టాపు దాకా ఎవ్వరూ లేపలేదు. పొద్దున మా అమ్మాయి ఫోన్ చేసింది. నిన్న మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి పడిపోయిందంట. 'ఏం లేదులే అమ్మా, ఏమీ తినలేదు, అందుకే' అని ఒకటే నవ్వు. మా అక్కా అచ్చం ఇలాగే నవ్వేది. నా సంగతి వదిలెయ్యండి. నా పిల్ల సంగతేమన్నా ఇది చెబుతోందేమో ఒక్కసారి చూడండమ్మా. మీకు దణ్ణం పెడతా."

ఆమె నోటి నుంచి ఇన్ని మాటలు ఒక్కసారిగా రావడం డాక్టరమ్మ ఎన్నడూ వినలేదు. మైక్రోస్కోపు మీదికి వంగింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఇది మేత వల్ల కాదు," అంది మెల్లగా.

గుండె లయ తప్పినవాళ్ళకు ఇచ్చే మందు అలమరలోంచి తీసి, పళ్ళెం అంచున ఒక్క చుక్క వదిలింది. ఇద్దరూ దాని ముందే కూర్చుండిపోయారు. మధ్యాహ్నానికి ఆగడం తగ్గింది. మూడయ్యేసరికి పొర తడబడకుండా కొట్టుకోసాగింది.

"నీ దుంప తెగ, ఇంత చిన్న చుక్కకే దారికొచ్చావా!" అంది మేతమ్మ పళ్ళెంతో. కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి.

"పద, గుండె డాక్టరు దగ్గరికి. ఇప్పుడే. నేను కారు తెస్తా."

"మిగతావి ఆకలితో ఉన్నాయమ్మా. మీరు కారు తెచ్చేలోపు వేసేస్తా."

పదకొండేళ్ళలో మొదటిసారి ఆ పూట మేత ఆలస్యమైంది. అన్నిటికీ వేసి, చేతులు కడుక్కుని, దుస్తులు మార్చుకునే గదిలోకి వచ్చి కూతురికి ఫోన్ చేసింది.

"ఇవాళే బయల్దేరి రా. నవ్వకు. నా మీద ఒట్టు."

"అబ్బ, ఏంటమ్మా నీ కంగారు... సరే, వస్తాలే."

బెంచీ మీద కూర్చుని, పాదాలకు తొడుక్కున్న ప్లాస్టిక్ తొడుగు ఒకటి తీసింది. రెండోదాని కోసం వంగింది.

డాక్టరమ్మ తాళాలు ఆడిస్తూ వచ్చి, "కానీ, కానీ," అంటూ గుమ్మంలో నిలబడింది. కాసేపటికి పిలిచింది. దగ్గరికొచ్చి భుజం తట్టింది. మేతమ్మ అలాగే వంగి ఉంది. అద్దం అవతలి గదిలో, మందు పడ్డ పళ్ళెం ఒక్కసారైనా ఆగకుండా కొట్టుకుంటోంది.

కూతురు ఆ సాయంత్రమే వచ్చింది. అమ్మ మాట ప్రకారం వచ్చింది గాని, అమ్మ లేదు. ఏడుస్తున్న పిల్లను డాక్టరమ్మ మర్నాడే పరీక్షలకు తీసుకెళ్ళింది. అదే జబ్బు. పొద్దునొక మాత్ర, సాయంత్రమొక మాత్ర. ఇప్పుడు నిమ్మళంగా ఉంది.

పదిహేను రోజులకు తల్లి సామాను తీసుకెళ్ళడానికి వస్తే, డాక్టరమ్మ ఆ నాలుగో పళ్ళెం పెట్టి ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ఆ పిల్ల ఎంతసేపటికీ కన్ను తీయలేదు.

"అమ్మకి ఇప్పుడు ఎవరు పెడుతున్నారు?" అంది.

"నేనే."

రోజూ మేత డాక్టరమ్మే కలిపి, తనే వేస్తోంది. ఫ్రిజ్ తలుపు అరలో మేతమ్మ కలిపి పెట్టిన ఒక్క సీసాను మాత్రం ముట్టుకోలేదు. అడుగున వేలెడు గులాబీరంగు ద్రవం, మూత మీద వంకరటింకర అక్షరాలతో 'రేపటికి' అని.