వెనకగది సర్దుడు

సెలవులకి పిల్లల్ని తీసుకుని వస్తానని ఆడపడుచు ఫోన్ చేసినప్పుడు టైలరమ్మకి సంతోషమూ కలిగింది, గుండెల్లో రాయీ పడింది. ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ముందుగది నిండా కుట్టుమిషనూ, కుట్టాల్సిన స్కూలు యూనిఫాంలూ. వెనకగది అత్తగారిది. అందులో మంచం దాకా వెళ్లాలంటే మనిషి పక్కవాటుగా నడవాల్సిందే. పిడి ఊడిన గిన్నెలు, తిరగని ఫ్యాను, పోయిన మామగారి గొడుగులు, ఎక్కడ చూసినా డబ్బాలు. ఏదన్నా పారేద్దామంటే ఆవిడకి ప్రాణం ఉసూరుమంటుంది.

ఒక్కసారిగా ఖాళీ చేద్దామంటే ఆవిడ ఒప్పుకోదు, తనకా తీరిక లేదు. అందుకని టైలరమ్మ రోజుకో అర చొప్పున, పొయ్యిమీద అన్నం ఉడికేలోపు ఎంతయితే అంత సర్దుదామనుకుంది. మొగుడు బస్సు డ్రైవరు. సంగతి చెప్తే, మీ అత్తాకోడళ్ల మధ్యకి నన్ను లాగొద్దని ముందే చేతులెత్తేశాడు.

మొదట మూతల అర పట్టింది. డబ్బాలు ఎప్పుడో పోయాయి, మూతలు మాత్రం భద్రంగా ఉన్నాయి. అత్తగారు పక్కనే పీట వేసుకుని కూర్చుంది కానీ కిమ్మనలేదు. కోడలు సంచిలో వేసిన ప్రతి మూతనీ కళ్లతోనే సాగనంపింది. మర్నాడు సీసాల అర, ఆపైన పాత బట్టల మూట. అప్పుడూ అంతే. ఇంత సులువుగా అయిపోతుందనుకోలేదని టైలరమ్మ లోలోపల మురిసిపోయింది.

ఒక సాయంత్రం కాజాలు కుట్టడం ముగించి వెనకగదిలోకి వెళ్లేసరికి అత్తగారు మంచం మీద పెట్టె తెరిచి తన బట్టలు సర్దుకుంటోంది. మందులు, దువ్వెన, కళ్లజోడు డబ్బా అప్పటికే అందులో చేరిపోయాయి. ఎక్కడికి ప్రయాణమని కోడలు అడిగింది.

"నీకు శ్రమ లేకుండా నేనే సర్దుకుంటున్నానమ్మా. అమ్మాయి వెళ్లేటప్పుడు నన్నూ తీసుకెళ్తుందిగా. గది ఖాళీ చేస్తున్నారంటే ఆ మాత్రం తెలీదా నాకు?"

ఆ గొంతులో కోపమన్నా ఉంటే బాగుండేది. టైలరమ్మ వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. అప్పుడు అత్తగారు మెల్లగా చెప్పుకొచ్చింది. కాపురానికి వచ్చింది మొదలు అన్నీ అద్దె ఇళ్లేనట. ఇంటివాళ్లు పొమ్మన్నప్పుడల్లా చేతికి దొరికింది మూట కట్టుకుని బయటపడటమేనట. కదపలేనంత సామాను పోగేసుకుంటే ఎవరూ లేచి పొమ్మనరని ఒక మొండి ధైర్యం. ఆ సామానే కోడలు ఒక్కొక్కటిగా బయట పెడుతుంటే ఆవిడ ఇంకేమనుకుంటుంది?

"మిమ్మల్ని పంపేసి నేనెవరితో దెబ్బలాడను అత్తయ్యా? మీ మంచం పక్కన పిల్లలకి పరుపు పట్టాలనే ఈ తిప్పలన్నీ. గది మీదే."

"నేనెప్పుడు దెబ్బలాడానమ్మా నీతో?" అని అత్తగారు మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. పెట్టెలో బట్టలు ఇద్దరూ కలిసే మళ్లీ అరలో పెట్టారు.

మర్నాటి నుంచి కథ తిరగబడింది. తెల్లారేసరికి ఫ్యాను గుమ్మం బయట ఉంది, దాని వెనకే గిన్నెలూ. గొడుగుల్లో పుల్లలు విరిగిన ఒక్కదాన్ని మాత్రం అత్తగారు ఉంచుకుంది. ఎందుకని కోడలు అడగలేదు, ఊడిన గుడ్డ కుట్టి ఇచ్చింది. గది ఖాళీ అయ్యాక కూడా అత్తగారి చేయి ఆగలేదు. ముందుగది మీద పడింది. ఈ గుడ్డముక్కలేం చేసుకుంటావని నిలదీస్తే టైలరమ్మ ఆ మూటలు మిషను కింద దాచుకోవాల్సి వచ్చింది. మొగుడు తన పాత రేడియోని చంకలో పెట్టుకుని డ్యూటీకి పోయాడు.

సెలవులకి ఆడపడుచు దిగింది. పిల్లలు చెప్పులన్నా విప్పకుండా వెనకగదిలోకి దూరి పరుపు మీద గంతులు మొదలెట్టారు. వాళ్లమ్మ చేతిలో రెండు పెద్ద సంచులు. పిల్లలకి పొట్టివైపోయిన బట్టలట, పారేయడానికి మనసొప్పలేదట, వాళ్లింట్లోనేమో చోటు లేదట.

"నీ గదిలో ఓ మూల పడేయమ్మా" అంది.

అత్తగారు సంచులవైపు ఒకసారి, కూతురివైపు ఒకసారి చూసింది.

"వెళ్లేటప్పుడు మర్చిపోకుండా పట్టుకెళ్లు తల్లీ" అంది.

ఆడపడుచు బిత్తరపోయి వదిన వంక చూసింది. వదిన నవ్వు ఆపుకోలేక, దారం ఎక్కిస్తున్నట్టు మిషను మీదికి తల వంచేసింది.