అక్క పెదవుల మీది ప్రసంగం

నోట్లో నాలుక లేని మనిషిని చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, ఆస్పత్రి లాండ్రీలో మడతల బల్ల దగ్గరికి వెళితే చాలు. నలభై రెండేళ్ల మనిషి. అయినా అందరికీ ఆమె చెల్లే, ఎందుకంటే బల్లకు అవతలి కొసన నిలబడే అక్క అలాగే పిలుస్తుంది. తనకంటే పదేళ్లు చిన్నవాళ్లు కూడా "చెల్లీ, ఆ దిండు గలీబులు ఇటివ్వు" అంటారు. ఆమె ఏమీ అనుకోదు. అనుకున్నా చెప్పదు.

చెప్పే పనంతా చిన్నప్పటి నుంచీ అక్కదే. బడిలో టీచరు ఏదడిగినా పక్క తరగతిలోంచి అక్కను పిలిపించాల్సి వచ్చేది. పెళ్లికొడుకు "నేను నచ్చానా" అని అడిగితే "నచ్చావులే" అన్నది కూడా అక్కే. ఇంతకీ తనను చేసుకున్నది ఎవరో తనకే తెలియదని ఆయనగారు ఇప్పటికీ నవ్వుతాడు. లాండ్రీలో అయితే చెల్లికి మరీ సుఖం. యంత్రాల హోరులో మాట వినబడదు కాబట్టి అక్కడ అందరూ ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. పంతొమ్మిదేళ్లుగా అక్క పెదవులు చూస్తూ, దుప్పటికి రెండో కొస పట్టుకుని, చెల్లి హాయిగా బతికేసింది.

అలాంటి మనిషి నెత్తిన ఒక నోటీసు పడింది. మడతల బల్ల దగ్గరి స్టూళ్లు తోపుడు బళ్లకు అడ్డం వస్తున్నాయట, ఒకటో తారీఖు నుంచి తీసేస్తారట. అభ్యంతరం ఉంటే విభాగం తరఫున ఒకరు నెలాఖరు శుక్రవారం సమావేశంలో ఐదు నిమిషాలు మాట్లాడవచ్చు. స్టూళ్లు పోతే మిగతావాళ్లు నాలుగు రోజులు గొణుక్కుని ఊరుకుంటారు. అక్క మాత్రం పని మానుకోవాలి. ఎనిమిది గంటలు నిలబడే మోకాళ్లు కావవి. ఆ సంగతి అక్క ఎవరితోనూ అనలేదు. అయినా చెల్లికి తెలుసు.

"నువ్వే మాట్లాడు," అంది అక్క. "నేను నోరు తెరిస్తే గొడవకొచ్చాననుకుంటారు. వాళ్ల దగ్గర నాకు ఆ పేరుంది."

ఉండదూ మరి. సబ్బు మారిస్తే చేతులు పగులుతున్నాయని సూపరింటెండెంటునే నిలదీసిన మనిషి.

అందుకని చెల్లి బుధవారం క్లబ్బులో చేరింది. బాయిలరు చూసే బాబాయి నడిపే మాటల క్లబ్బు అది. భోజనాలయ్యాక దుప్పట్ల గదిలో అరగంట జరుగుతుంది. ఒకరు నిలబడి మాట్లాడాలి, మిగతావాళ్లు కుక్కిన పేనులా వినాలి. నాలుగు నిమిషాలకు పసుపు గుడ్డ ఎత్తుతారు, ఐదుకు ఎర్ర గుడ్డ. మాటల మధ్య ఊరికే "అంటే" అన్నప్పుడల్లా, ఉతుకు యంత్రాల్లో దొరికిన ఊడిన గుండీ ఒకటి స్టీలు గ్లాసులో టంగుమని పడుతుంది. చెల్లి మొదటిరోజు ఐదు నిమిషాలూ ఉత్తినే నిలబడి, వెళ్లి కూర్చుంది.

"ఒక్క గుండీ కూడా పడలేదు," అన్నాడు బాబాయి. "మెచ్చుకోవాల్సిన విషయమే."

ఆ రాత్రే అక్క ఒక ప్రసంగం రాసి చేతిలో పెట్టింది. మూడో బుధవారానికి చెల్లి దాన్ని ఎక్కడా ఆగకుండా గడగడా చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు, బాబాయి తప్ప.

"బాగుందమ్మా. కానీ నీకంటే అర మాట ముందు మీ అక్క చెబుతోంది."

అందరూ వెనక వరుసలో కూర్చున్న అక్క వైపు తిరిగారు. అక్క పెదవులు ఇంకా చివరి వాక్యం దగ్గరే ఉన్నాయి. చెల్లి చెవులదాకా ఎర్రబడింది. మోసం చేయాలని కాదు, ఆ పెదవులు చూసి చెబుతున్నట్టు తనకే తెలియదు.

"అది ఆవిడ ప్రసంగం," అన్నాడు బాబాయి. "నీది ఎప్పుడు వింటాం?"

శుక్రవారం వచ్చింది. అక్క ముందు వరుసలోనే కూర్చుంది, కానీ మాసిన బట్టలు వేరుచేసేటప్పుడు కట్టుకునే మాస్కు కళ్లదాకా కట్టుకుని కూర్చుంది. తీయమని చెల్లి కళ్లతోనే బతిమాలింది. అక్క తల అడ్డంగా ఊపింది. చెల్లికి ఏడుపొచ్చింది, ఒళ్లు కూడా మండింది. సూపరింటెండెంటు గడియారం చూసుకుంది.

"అంటే..." అంది చెల్లి. "పెద్ద దుప్పటి ఇద్దరం చెరో కొసా పట్టుకుని మడతపెడతామండి. ఎత్తి దించితే రెండు కొసలూ ఒక్కసారే దిగాలి. రెండేళ్లుగా మా అక్క కొస ఆలస్యంగా దిగుతోంది. ముందు భుజం నొప్పేమో అనుకున్నా. కాదు. వంగేముందు మోకాలు సర్దుకుంటోంది. గంటకోసారి కాసేపు కూర్చున్న రోజు మాత్రం రెండు కొసలూ కలిసే దిగుతాయి."

మాస్కు పైన అక్క కళ్లు పెద్దవయ్యాయి.

"బళ్లకు అడ్డమన్నారు, నిజమేనండి. అందుకే వారం కిందట స్టూళ్ల కాళ్లు నాలుగు వేళ్ల మేర కోయించాను. లేవగానే బల్ల కిందకి తోసేస్తున్నాం. అప్పట్నుంచి ఒక్క బండీ తగల్లేదు."

"ఎవర్నడిగి కోయించారు?" అంది సూపరింటెండెంటు.

"ఎవర్నీ అడగలేదండి. అడగడం నాకింకా రాలేదు."

ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. కాగితం మీద ఏదో కొట్టేసి, స్టూళ్లు ఉండనివ్వమని చెప్పింది. బాబాయి ఈసారి అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

వరండాలోకి వచ్చాక అక్క మాస్కు తీసింది. మొహమంతా తడిగా ఉంది.

"నా మోకాళ్ల సంగతి ఊరంతా చాటింపు వేశావు కదే. రెండేళ్ల నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి ఒక్కనాడైనా అడిగావుటే, నొప్పిగా ఉందా అక్కా అని?"

నువ్వే చెబుతావని చూశాను అనబోయింది చెల్లి. ఇద్దరిలో ముందు మాట్లాడేది ఎప్పుడూ అక్కే కదా. కానీ ఆ మాట నాలుక మీదే ఆగిపోయింది. బడిలో, కొట్లో, పెళ్లిలో అక్క మాట్లాడిందంతా తన కోసమే. అక్క తన సొంతానికి ఒక్క మాట ఎప్పుడైనా అడిగిందా? చెల్లికి గుర్తు రాలేదు. తన మీద తనకే సిగ్గేసింది.

"ఇప్పుడడుగుతున్నా," అంది. "నొప్పిగా ఉందా అక్కా?"

"ఏం లేదులే," అంది అక్క, అలవాటు కొద్దీ. చెల్లి అక్కడే నిలబడి ఉంది.

"ఉందే," అంది అక్క. "చాలా ఉంది."

అని, పంతొమ్మిదేళ్లలో మొదటిసారి, తన బరువంతా చెల్లి భుజం మీద వేసింది.