గ్రీజు వదిలే పొడి

మా ఇద్దరిదీ రెండో పెళ్లి. ఆయన లారీల మెకానిక్కు, నాది కుట్టుమిషను. పిల్లలు పుట్టే వయసు దాటింది కదా అని కండోమ్ ఊసే ఎత్తలేదు. పెళ్లయిన కొన్నాళ్లకే నాకు కింద ఒకటే దురద, మంట. చర్మం ఎర్రగా కందిపోయింది. మూత్రానికి వెళ్లాలంటే ప్రాణం పోయేది.

నాకసలే నోరెక్కువ. ఈ ఒక్క మాట మాత్రం గొంతు దాటలేదు. మొదటి మొగుడు ఊళ్లో ఆడవాళ్ల వెంట తిరిగి నన్ను వదిలేశాడు. ఈయనా అంతేనా? ఏ రోగమో అంటించి ఉంటే ఈ ఇంట్లో ఒక్క పూట ఉండనని గట్టిగా అనుకున్నాను. అనుకున్నాక ఏడుపొచ్చింది. ఇంత నెమ్మదైన మనిషి మళ్లీ ఎక్కడ దొరుకుతాడు?

ఒక సాయంత్రం ఆయన కూడా కుర్చీలో అటూ ఇటూ సర్దుకుని కూర్చోవడం చూశాను.

"మీక్కూడా మంటేనా? నిజం చెప్పండి, ఎవరి దగ్గరికైనా వెళ్లారా?"

"నిన్నూ అదే అడుగుదామని నోరు రాక చస్తున్నాను."

నాకు ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్నే ఆయన్ని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను.

ఆవిడ ఇద్దరినీ చూసి, పరీక్షలకు రక్తం తీయించింది. "రిజల్టు వచ్చేదాకా దూరంగా ఉండండి. ఇంతకీ ఏ సబ్బు వాడతారు?"

నేను మామూలు సబ్బే అన్నాను. ఆయన నేలచూపులు చూశాడు.

"షెడ్డులో చేతులు కడుక్కునే పొడి. గ్రీజు దానికే వదులుతుంది."

"చేతులకే కదా?" అన్నాను.

"ఒళ్లంతా. నీ దగ్గరికి వచ్చే ముందు... డీజిలు వాసన నీకు పడదేమోనని."

"ఇనుము తోమే పొడికి లేత చర్మం ఆగుతుందా బాబూ," అంది డాక్టరమ్మ. "సరిగా కడగకపోతే ఆవిడకూ అంటుతుంది. ఇక అక్కడ మామూలు నీళ్లు చాలు." పూతమందు రాసిచ్చింది.

మంట తగ్గింది. రోగమేదీ లేదని తేలింది. పెళ్లికి ముందే పరీక్ష చేయించుకుంటే ఈ ఏడుపే ఉండేది కాదని ఆవిడ మందలించింది. నిజమే.

పొడి డబ్బా షెడ్డు దాటకూడదని చెప్పాను. ఇప్పుడాయన కాస్త డీజిలు వాసనతోనే పక్క మీదికి వస్తాడు, మొహమాటపడుతూ. మొదటివాడు సెంటు కొట్టుకుని గడప దాటేవాడు, ఇంకెవరి కోసమో. ఈయన నా కోసం చర్మం ఒలుచుకున్నాడు. నేను ఇంకాస్త దగ్గరికి జరుగుతాను.