యాపిల్ తొక్క ఊడేలోగా

ఆస్పత్రి కోడింగ్ గదిలో కేసు షీటు మీద పేరు చూడగానే యూహ్వే కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. న్యెన్ చిన్‌త్యెన్, లుకాంగ్‌లో కుళాయిల ఫ్యాక్టరీ యజమాని. కాలినవి కుడిచేతి వేళ్ళు, మణికట్టు. కారణం: ఇంట్లో బాత్రూం తూము కడుగుతుంటే మందు ఒలికింది.

"నీ దుంప తెగ! మళ్ళీ అదే బాత్రూమా!" అని పైకే అనేసింది.

డాక్టర్లు రాసిన మాటల్ని కోడ్లలోకి మార్చడం ఆమె ఉద్యోగం. నిప్పుకి ఒక కోడు, రసాయనానికి ఇంకోటి. ఏ చెయ్యి, ఎన్ని వేళ్ళు, ఏ మందు, ఇల్లా ఫ్యాక్టరీయా, అన్నిటికీ వేరువేరు కోడ్లు. ఫ్యాక్టరీ అని పడితే ఆ కాగితం అధికారులకీ వెళ్తుంది. సొంత ఊహకి మాత్రం చోటు లేదు.

పంతొమ్మిదేళ్ళ వయసులో ఆమె ఆ ఫ్యాక్టరీలోనే స్టీలు కుళాయిల్ని యాసిడ్‌తో కడిగేది; అక్కడ అందరూ ఆమెని ఆహ్వే అనేవాళ్ళు. చిరిగిన గ్లౌజులోకి యాసిడ్ దిగింది. న్యెన్ యాపిల్ పళ్ళ సంచీతో ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన కూర్చుని, "బాత్రూం మందని చెప్పు ఆహ్వే, జన్మంతా నిన్ను చూసుకుంటాను" అన్నాడు. ఆ పిచ్చిమొహం అలాగే చెప్పింది. డాక్టరు నమ్మి దానికి తగ్గ వైద్యమే చేశాడు. యాసిడ్ లోపల్లోపలే ఎముక దాకా తినేసింది. కట్టు విప్పేసరికి రెండు వేళ్ళు కొయ్యబారిపోయి ఉన్నాయి. ఈ చేత్తో కుళాయిలేం కడుగుతావని న్యెనే ఆమెని పనిలోంచి తీసేశాడు. ఆ మనిషిని తిట్టుకోకుండా ఆమె అన్నం తిన్న రోజులు తక్కువ.

ఇప్పుడు ఆయన షీటులోనూ అదే వరస. చర్మం కొద్దిగానే తెల్లబడింది, నొప్పి మాత్రం దేనికీ లొంగడంలేదు.

డాక్టర్ జువాంగ్‌ని అడిగితే తల పట్టుకున్నాడు. "నాకూ అనుమానమే. స్టీలు కడిగే యాసిడ్ అయితే మణికట్టు రక్తనాళంలోకి ఎక్కించే మందుంది. ఊహ మీద ఎక్కించలేను కదా. ఎన్నిసార్లు అడిగినా బాత్రూమే అంటాడు. ఆలస్యమైతే వేళ్ళు దక్కవమ్మా."

"నేనడుగుతాను. మీరు తలుపు దగ్గరుండండి."

అడక్కపోతే ఏం? మెట్లెక్కుతూ ఆ ఆలోచనా చేసింది. నోరు మూసుకుంటే చాలు, ఆయన వేళ్ళూ పోతాయి. కానీ ఈ ఏడాది ఫ్యాక్టరీలో స్టీలు కడిగే షెడ్డులో అప్పుడే ఇద్దరి చేతులు కాలాయి, ఇంకొకటంటే అధికారులు తాళం వేస్తారని ఊరంతా తెలుసు. ఆమెకి ఆ తాళం కావాలి. కింద కొట్లో కొన్న యాపిల్ పళ్ళతో న్యెన్ గదిలోకి వెళ్ళింది.

"ఎవరమ్మా?" న్యెన్ చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

"ఆహ్వేని, ఓనరు గారూ. మీరు జన్మంతా చూసుకుంటానన్న పిల్లని." మంచం పక్కన కూర్చుని చాకు తీసింది. "మీరు తెచ్చినంత ఎర్రటివి దొరకలేదు, సర్దుకోండి."

"నర్సుని పిలు. నొప్పి చంపేస్తోంది."

"ముందు అలాగే ఉంటుందండీ. తర్వాత వేలు మొద్దుబారిపోతుంది, అప్పుడు హాయి." చాకు పిడితో తన చూపుడువేలి మీద టకటకా కొట్టి చూపించింది. "ఈ తొక్క ఊడేలోగా నిజం చెప్పండి, డాక్టరు దగ్గర మందుంది. తర్వాత నేను వెళ్ళిపోతాను."

"నా షెడ్డు మూయించాలనేగా?"

"అందుకే. దాచేదేముంది?"

ఆమె ఎప్పుడూ ఇంత నిదానంగా యాపిల్ ఒలవలేదు. తొక్క పొడుగ్గా వేలాడుతోంది. ఆయన మూలుగు వింటుంటే జాలి రాలేదు సరికదా, సంతోషం వేసింది.

"యాసిడ్! స్టీలు యాసిడ్! పనివాళ్ళు చెయ్యం అంటే నేనే కడిగాను!"

"ఎక్కడ?"

"షెడ్డులోనే! నీ కడుపు కాలా!"

"మరి నాది?"

న్యెన్ కళ్ళు మూసుకున్నాడు. "నీదీ అక్కడే. డాక్టర్ని పిలవవే..."

డాక్టరు అప్పటికే మంచం దగ్గరికి వచ్చేశాడు.

వేళ్ళు నిలిచాయి. ఇంటికెళ్ళే రోజున న్యెన్ కట్టుకట్టిన చేత్తో కోడింగ్ గదికొచ్చాడు. "ఆహ్వే, డాక్టరుకి తెలిసింది, చాలదా? ఆ కోడేదో ఇల్లని వేసెయ్. నిన్ను మర్చిపోను."

"అప్పట్లో నా కేసుకి కోడు వేసినామె నేను చెప్పిందే వేసింది, ఓనరు గారూ. నేనూ మీరు చెప్పిందే వేస్తున్నాను."

కొయ్యబారిన చూపుడువేలితోనే, ఆయన చూస్తుండగా, ఒక్కో మీటా నొక్కి ఫ్యాక్టరీ కోడు వేసింది.