తూము మీద ఆరాధన

ఆ వేసవిలో, రాజోలు పక్క పేటలో, సాలమోను పాస్టరు వారంలో మూడోసారి ఓ పసిబిడ్డ గొయ్యి దగ్గర నిలబడ్డాడు. మళ్లీ వాంతులూ విరేచనాలే. బైబిలు తెరిచి వాక్యం చదివాడు.

నెల రోజులుగా చర్చి మైకులో ఆయన చెప్పేది ఒక్కటే: నీళ్లు కాచి తాగండి. మంచి మాటే. కానీ పేట తాగే కాలవలోకి ధనరాజుగారి రొయ్యల చెరువు తూము తెరిచే ఉంది. మందులూ, కుళ్లిన మేతా అందులోకే. ఆ సంగతి మాత్రం పాస్టరు మైకులో మింగేశాడు. చర్చికి రేకులు వేయించింది ధనరాజుగారే మరి. పేదవాడికి శుభ్రత నేర్పడం తేలిక, మురికి వదిలేవాడి చెయ్యి పట్టి ఆపడమే కష్టం.

గొయ్యి పూడ్చాక, పోయిన పిల్ల నాయనమ్మ కృపమ్మ అడిగింది.

"కొబ్బరి మట్టలన్నీ తగలేసి కాచేమండీ అయ్యగారూ. చెరువు మందు కాస్తే పోద్దాండీ?"

"పోదమ్మా."

"మరి మైకులో ఆ ముక్క చెప్పరేంటండీ?"

మైకులో అనకపోయినా, ఆ తూము మూయించమని అమలాపురం ఆఫీసులకు అర్జీలు మోసి మోసి కాళ్లరిగిన మనిషి ఆయన. ఇక తిరిగే ఓపిక లేదు. మెల్లగా అన్నాడు: "ఈ ఆదివారం ఆరాధన తూము మీదమ్మా."

పేటలో గొడవ లేచింది. "ఆ చెరువులో కూలికెళ్లేది మనవేనండీ. పని పోతేనో?" అన్నాడు పాపారావు.

"పనుందిగా. పిల్లలేరీ?" అంది కృపమ్మ.

ఆదివారం పొద్దున్నే తూముకి పలకలు దించి మూసేసి, ఇసక బస్తాలు పేర్చి, వాటి మీదే చాపలు పరిచి కూర్చున్నారు. పాటలయ్యాయి, ప్రసంగమయింది. పదింటికి పోలీసు జీపొచ్చింది.

"ప్రార్థనయిపోయిందిగా, లెమ్మనండి," అన్నాడు ఎస్సై.

"ఆఖర్న ఆశీర్వాదం చెప్పందే మావాళ్లు లేవరండీ. అది ఆచారం," అన్నాడు పాస్టరు.

"చెప్పెయ్యండి మరి."

"తూము మళ్లీ తెరవనని ధనరాజుగారు కాగితం రాసిస్తే చెప్తానండీ."

ఆయన్ని రెక్క పట్టుకుని జీపెక్కించారు. ఎస్సై జనం వైపు తిరిగాడు.

"మీ అయ్యగారెలాగూ లేరు. ఇంకెవరు చెప్తారు? లేవండి."

"ఆశీర్వాదం అవలేదు కదండీ," అంది కృపమ్మ.

పాపారావు కండువా నెత్తిన కప్పుకుని, ఆమె పక్కన బస్తా మీదికి జరిగి కూర్చున్నాడు. జీపు కదిలేదాకా సాలమోను లోపలి నుంచి వాళ్లనే చూస్తూ ఉన్నాడు. ఎండ ముదురుతోంది. ఒక్కరూ లేవలేదు.